ఎడమచేతి ఇల్లు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. తెల్లవారుజామున పట్టుకున్న వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. గాలి లేదు, చూరు అంచున మిగిలిన చుక్కలు ఒక్కొక్కటే గట్టు మీద రాలుతున్నాయి. అక్క సంచీని కుడిభుజానికి మార్చుకుని, ఎడమచేత్తో తాళం తీసి, అదే చేత్తో గడియ లాగి వీధి తలుపు నెట్టింది. ఆమె చాలా ఏళ్లుగా వేరే వీధిలో అద్దెకుంటోంది. అయినా ఆ గడియ ఎక్కడుందో ఆమె చెయ్యి ఎన్నడూ వెతుక్కోలేదు. ఆ ఇంట్లో ప్రతి తలుపుకూ గడియ ఎడమపక్కన, బందులు కుడిపక్కన ఉంటాయి. ఆమెది ఎడమచేతి వాటం.

తల్లి పోయినప్పటి నుంచి మూసి ఉన్న గదులు. కిటికీలు తెరిచి, గోడల మీది పటాలు దించి, మేకులు పీకడం మొదలుపెట్టింది. పటం ఉన్నచోటల్లా గోడ లేతరంగులో నలుపలకలుగా మిగిలింది. సర్వే ఆఫీసులో ఉద్యోగవిరమణ దాకా ఆమె పని భూముల పటాలు గీయడం. తడి సిరా మీద తన చెయ్యే పడకుండా కాగితం కుడి అంచున మొదలుపెట్టి ఎడమకు వచ్చేది. అక్కడ ఆమెను అందరూ పటాల మేడమ్ అనేవారు. గోడ మీద మిగిలిన ఆ నలుపలకలు కూడా ఎవరో సగం గీసి వదిలేసిన పటంలా కనిపించాయి ఆమెకు.

తొమ్మిదింటికి తమ్ముడూ, మరదలూ, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటూ వచ్చారు. ఏజెంటు ముందుకు వచ్చి, దగ్గరగా వేసి ఉన్న తలుపు మీద కుడిపక్కన చెయ్యి వేసి తడిమాడు.

"లోపల గడియ పెట్టుకున్నారా మేడమ్?"

"పెట్టలేదు. అటు కాదు, ఎడమపక్క," అంది అక్క లోపలి నుంచి.

"ఈ ఇంటి మర్యాదలు వేరండీ," అన్నాడు తమ్ముడు వెనక నుంచి. "కొత్తగా వచ్చినవాడెవడైనా ఒకసారి నుదురు కొట్టుకున్నాకే లోపలికి రావాలి."

ఏజెంటు గది గదికీ తిరిగాడు. ప్రతి గుమ్మం దగ్గరా అతని చెయ్యి బందుల వైపు వెళ్లి, తెల్లబోయి, వెనక్కి వచ్చింది. వంటింటి తలుపు నెట్టేసరికి అది పొడుగ్గా కిర్రుమంది.

"అబ్బ! పిల్లి తోక తొక్కినట్టు, ఇదేంటి సార్?"

"దానికి నూనె వెయ్యనిచ్చేది కాదు మా అమ్మ," అన్నాడు తమ్ముడు. "అది పలుకుతుంటే నాకు తోడున్నట్టుంటుంది అనేది."

చివరికి ఏజెంటు హాలు మధ్యలో నిలబడి తీర్పు చెప్పాడు. "కొనేవాళ్లు ఇంటిని కళ్లతో చూస్తారనుకుంటాం మేడమ్. చూసేది చేతుల్తో. గుమ్మం గుమ్మానికీ చెయ్యి తడబడితే ఈ ఇల్లు మనది కాదులే అనిపిస్తుంది వాళ్లకి. ఎందుకనిపించిందో వాళ్లకే తెలీదు. రంగులు ఎలాగూ వేయిస్తారు కదా, ఆ చేత్తోనే తలుపులన్నీ తిప్పించెయ్యండి. ఆదివారం ఒక జంటని తీసుకొస్తాను."

"రంగులు వేయించండి. తలుపుల జోలికి మాత్రం వెళ్లొద్దు," అంది అక్క.

"ఎందుకు వెళ్లకూడదు?" తమ్ముడు అడిగాడు.

"ఎందుకో నీకు తెలుసు."

"తెలియకేం! నాన్నమ్మ గరిటె తిరగేసి నీ ఎడమచేతి మీద కొట్టింది. నాన్నకి కోపం వచ్చింది. బంగారుతల్లి చేతికి అందాలని ఇంట్లో తలుపులన్నీ ఊడబీకి తిప్పించాడు. అన్నం కంటే ఎక్కువసార్లు తిన్నాను ఈ కథని." ఏజెంటు వైపు తిరిగాడు. "నా సైకిలు హ్యాండిలు వంకరపోతే దాన్ని తిప్పే తీరిక లేదండీ ఆయనకి. ఆవిడకి మాత్రం ఇల్లే తిప్పాడు."

"మళ్లీ సైకిలా!" అంది మరదలు. "పెళ్లయిన మర్నాడు నాతో మాట్లాడిన మొదటి మాట కూడా ఆ సైకిలు గురించే వదినా. ఎవరో పోయారేమో అనుకుని ఓదార్చాను."

ఏజెంటు నవ్వి, ఆదివారం సంగతి మళ్లీ గుర్తుచేసి వెళ్లిపోయాడు. తమ్ముడు నవ్వలేదు. పటాలు తీసిన గోడకు ఆనుకుని, మామూలుగా తన కళ్లజోళ్ల కొట్లో బేరం పోయినప్పుడు మాట్లాడే గొంతుతో అన్నాడు:

"అక్కా, నేను నీ ఇంట్లో అద్దెకున్నట్టు పెరిగాను. కోపంతో అనడం లేదు. ఈ గడియ లాగినప్పుడల్లా నా చెయ్యి నాకు చెప్పేది, ఇది నీ కోసం కట్టింది కాదురా అని. అమ్మేటప్పుడైనా దీన్ని అందరి ఇల్లులాగా అమ్మనివ్వు."

ఆ మాటలో అన్యాయమేమీ లేదు. కాగితం మిల్లులో కోత బ్లేడ్లకు సాన పట్టే తండ్రి ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో యంత్రం తిరుగుతున్నట్టే ఉండేవాడు. కూతురిని దగ్గరకు తీసుకున్న గుర్తు ఆమెకు లేదు. ఆయన తనతో చెప్పదలుచుకున్నది ఏమైనా ఉంటే అదంతా ఈ తలుపులతోనే చెప్పాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని రెండు చేతుల్లో పట్టుకుని బతికింది. ఇప్పుడు దానికి బందులు ఊడదీస్తామంటున్నారు.

"పోనీలే," అన్నాడు తమ్ముడు ఆమె ముఖం చూసి. "నాన్న నీకు, అమ్మ నాకు. నేను వంటింట్లోకి వెళ్తే అమ్మ ఎంత పనిలో ఉన్నా సరే, కత్తి కింద పెట్టి నా వైపు తిరిగేది. ఏరా అనేది. ఒక్కరోజు తప్పలేదు. నా భాగం నాకు ముట్టిందిలే."

తను వెళ్లినా తల్లి అలాగే కత్తి కింద పెట్టి తిరిగేది. ఆ సంగతి అక్క చెప్పలేదు. అతనికి మిగిలింది అదొక్కటే.

"సరే. వడ్రంగిని పిలిపించు," అంది.

మర్నాడు వచ్చిన వడ్రంగి భారీ మనిషి. చెవి మీద పెన్సిలు, నోట్లో మేకులు. మేకులు ఉన్నా మాట ఆగదు. తలుపులు ఒకసారి తిప్పినవేనని తమ్ముడు చెప్పగానే సంతోషించాడు.

"అయితే సుఖం సార్. ఈ పక్క బందులకి గాట్లు తవ్వి ఉంటాయి కదా, తిప్పకముందు ఇవే గాట్లు ఆ పక్క ఉండుంటాయి. తిప్పినవాళ్లు చెక్కముక్కలు పెట్టి పూడ్చి రంగు కొట్టేసి ఉంటారు. నేను ఆ ముక్కలు పీకి బందులు కూర్చోబెట్టడమే. కాపరం మారినట్టు కాదు, పుట్టింటికి వెళ్లినట్టు."

ఉలి అంచుతో ద్వారబంధం ఎడమ నిలువు మీద రంగు గీకాడు. పొరలు పొరలుగా రాలింది: పైన మీగడరంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద అక్కకు చిన్నప్పటి నీలం. నీలం కింద చెక్క. ఇంకొంచెం కిందికి గీకాడు. లేచి మధ్యగది గుమ్మం దగ్గరకు వెళ్లి అక్కడా గీకాడు. వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఏంటి, లంకెబిందెల కోసమా?" అన్నాడు తమ్ముడు.

"గాట్ల కోసం సార్. లేవు."

"రంగు కింద ఉంటాయి, సరిగ్గా చూడు."

"రంగు కింద చెక్కే ఉంది. ఉలి పడని చెక్క. నాలుగు గుమ్మాలు చూశాను. ఎవరు చెప్పారో గానీ ఈ తలుపులు తిప్పినవి కావు. పుట్టడమే ఇలా పుట్టాయి." మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. "పుట్టింటికి వెళ్లడం కాదు, కొత్త కాపరమే. ఇంకో రోజు పడుతుంది."

అతనికి అది పని పెరగడం తప్ప మరేమీ కాదు. సుత్తి తీసుకుని వీధి తలుపు దగ్గరకు పోయాడు. అక్క గీకిన చోట వేలితో రాసి చూసింది. చెక్క చారలు పైనుంచి కిందికి తెగకుండా సాగిపోయాయి. ఎక్కడా అతుకు లేదు.

"ఇల్లు కట్టిన ఏడాదికి కదూ నేను పుట్టింది," అంది.

"అవును. సున్నం వాసన పోకముందే పుట్టావని అమ్మ అనేది."

"పుట్టని పిల్లది ఏ చేతి వాటమో నాన్నకెలా తెలుస్తుంది?"

తమ్ముడు తనూ ఆ చెక్క మీద వేలు రాసి చూశాడు. "మేస్త్రీ పటం తిరగేసి చూశాడేమో. మీ ఆఫీసులో అవలేదూ ఒకసారి? చెరువు ఊరికి అటు పక్కకి వెళ్లిపోయిందని చెప్పావు."

"ఒక తలుపు తిరగబడితే పొరపాటు. అన్నీ తిరగబడితే, ఎవరో కావాలని చెప్పి పెట్టించినట్టు. నాన్నది కుడిచెయ్యి. నాన్నమ్మకి ఎడమచెయ్యి కంటపడితేనే పూనకం వచ్చేది. ఇంక ఎవరున్నారు?"

ఇద్దరూ వెతికారు. ఆ ఇంట్లో బతికిన మూడో పెద్దమనిషి ఇద్దరికీ తట్టలేదు. తల్లికి నాన్నమ్మ పెట్టిన పేరు నిదానం. నలుగురిలో వడ్డిస్తే గరిటె వణికేది. సంతకం పెట్టేసరికి ఆలస్యమవుతుందని బ్యాంకువాళ్లు పక్క కిటికీ దగ్గరకు పంపేవారు. సూదిలో దారం ఎక్కించాలంటే ఇంకొకరు రావాలి. "మా కోడలు నిదానం. పొద్దున్న పిలిస్తే సాయంత్రానికి వస్తుంది," అని నాన్నమ్మ వచ్చిన ప్రతివాళ్లతో చెప్పేది, తల్లి వినేలాగే చెప్పేది. తల్లి నవ్వి ఊరుకునేది. కుడిచెయ్యే సరిగా ఆడని మనిషికి ఎడమచెయ్యి కూడా ఒకటుంటుందని ఎవరూ అనుకోలేదు.

అక్క చిన్నబోయిన ముఖంతో చీపురు తీసుకుని రాలిన రంగుపొరలు ఊడ్చింది. నీలం పెచ్చు ఒకటి అరచేతిలో పెట్టుకుని, తర్వాత దాన్నీ చేటలో వేసింది.

"అంటే నాకోసం కాదన్నమాట," అంది, తమ్ముడితో కాదు.

మధ్యాహ్నం వాన మళ్లీ పట్టుకుంది. హాల్లో వడ్రంగి గాట్లు తవ్వుతున్నాడు. వంటింట్లో మరదలు అందరికీ భోజనం సిద్ధం చేస్తూ కత్తితో యుద్ధం చేస్తోంది.

"ఈ కత్తికీ నాకూ ఏ జన్మలోనో పగ ఉంది వదినా. నిటారుగా పెడతానా, పక్కకి పారిపోతుంది. కొత్తగా వచ్చినప్పుడే అత్తయ్యతో చెప్పాను. ఆవిడ నవ్వి, దాంతో నీకెందుకులే అమ్మాయ్, చాకు తీసుకో అంది. చూడండి ఈ ఉల్లిపాయ, ఎలక కొరికినట్టుంది."

"ఇలా ఇవ్వు."

అక్క కత్తి ఎడమచేతిలోకి తీసుకుంది. ఉల్లిపాయ మీద పెట్టగానే కత్తి సూటిగా దిగిపోయింది, నీళ్లలోకి దిగినట్టు.

"అదేంటి! మీ మాట వింటోందే."

అక్క కత్తిని కిటికీ వెలుగుకు ఎత్తి అంచు చూసింది. సాన ఒక్క ముఖానే పట్టి ఉంది. రెండో ముఖం పలకలా చదునుగా ఉంది. పిడి వైపు నుంచి చూస్తే సాన ఎడమవైపు. మిల్లు నుంచి వచ్చిన తండ్రి వారానికోసారి వెనక గట్టు మీద కూర్చుని, ఈ కత్తికి నీళ్లు చల్లి సాన పట్టడం ఆమె చూసింది. తన పని ఏమిటో తెలిసినవాడు. ఏ చేతికి ఏ ముఖం అరగదీయాలో పొరపాటు పడడు.

"నాన్నగారు మీకోసం అలా పట్టారేమో," అంది మరదలు.

"నేను ఈ గదిలో ఉల్లిపాయ పొట్టు కూడా తియ్యలేదు. చదువుకో పో అని అమ్మ తరిమేది."

చెప్పిన మాట ఆమెకే ఎక్కడో తగిలింది. వంట అరుగు ముందు, తల్లి నిలబడేచోట నిలబడింది. లోపలికి వచ్చేవాళ్లకు అరుగు తలుపుకు కుడిపక్క గోడ వెంట ఉంది. తలుపు దగ్గరగా వేసి రమ్మని మరదలికి చెప్పి, మళ్లీ తరగడం మొదలుపెట్టింది. గబగబా తరిగింది. కత్తి బల్ల మీద టకటకలాడింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఈ గదిలో ఎన్నడూ వినలేదు. తలుపు అవతల, హాల్లో పుస్తకం ముందు కూర్చుని వినేది.

అప్పుడే తమ్ముడు వడ్రంగికి మంచినీళ్ల కోసం వచ్చి తలుపు నెట్టాడు. ముందు కిర్రుమని చప్పుడు. తర్వాత తలుపురెక్క నెమ్మదిగా కుడివైపుకు తిరుగుతూ, అతనికీ అరుగుకూ మధ్య తెరలా నిలిచింది. లోపలికి వచ్చేవాడికి ముందు కనిపించేది ఎదురుగోడ అల్మారా. అరుగు కనిపించడానికి ఇంకో అడుగు వెయ్యాలి. ఆ అడుగు పడేలోగా అక్క కత్తిని కుడిచేతిలోకి మార్చుకుని, కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"ఏరా?" అంది.

తమ్ముడు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అక్కా, అలా చెయ్యకు," అన్నాడు.

"నువ్వు హాల్లో ఉన్నప్పుడు అమ్మ కత్తి ఎలా వినిపించేది?"

"గుర్రం పరుగెత్తినట్టు."

"లోపలికి వచ్చి చూస్తే?"

అతను చెంబు అరుగు మీద పెట్టాడు. లోపలికి వచ్చి చూస్తే తల్లి ఎప్పుడూ అప్పుడే పని ఆపి ఉండేది. ఎవరైనా అక్కడే కూర్చుంటే మళ్లీ కత్తి పట్టేది, నిదానంగా, కుడిచేత్తో. ఈ రెండు సంగతులూ ఇద్దరికీ పుట్టినప్పటి నుంచి తెలుసు. పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

తమ్ముడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అయితే నాకోసం ఆపేది కాదు."

"నాకూ ఆపేది," అంది అక్క. ఈసారి దాచలేదు. "ఎవరు వచ్చినా ఆపేది."

గుమ్మంలో మరదలు మెల్లగా అడిగింది. "అత్తయ్యది ఎడమచెయ్యా? మరి ఆ గరిటె కథ?"

"గరిటె నిజమే. నాన్నమ్మ ఈ ఇంటికి వచ్చింది నాకు నాలుగేళ్లప్పుడు. వచ్చిన రోజే అడిగి ఉంటుంది, ఈ తలుపులేంటి ఇలా ఏడ్చాయి అని. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పడానికి నేను దొరికాను. నాకు దాచుకోవడం చాతకాదు కదా. పిల్ల కోసం తిప్పించాం అన్నారు. ఆవిడ గరిటె నా మీదికి వచ్చింది. తర్వాత మనం చెప్పుకునే కథలో ఆ రెండూ ముందువెనకలయ్యాయి." ఆమె ఎడమచేతి వేళ్లు చూసుకుంది. "ఆ రోజు అమ్మ గొంతు పెంచింది. దాని చేతి మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి, అంది. అమ్మ అలా అరవడం నేను మళ్లీ వినలేదు."

"నాన్న?" అడిగాడు తమ్ముడు.

"నాన్న ముందే కట్టాడు. అమ్మ తన ఇంట్లోనైనా హాయిగా ఉండాలని కట్టాడు. తర్వాత అది దాక్కోవడానికి పనికొచ్చింది."

"మీ నాన్నమ్మ పోయాక కూడా అత్తయ్య దాక్కోవడం దేనికి వదినా? అప్పుడు ఎవరు కొడతారు?"

అక్క తరిగిన ఉల్లిపాయను ఒక పక్కకు నెట్టింది. కారణం లేని పని తల్లి చెయ్యదు.

"అప్పటికి ఆ కథ నాదైపోయింది," అంది. "నా దగ్గర నుంచి తీసుకోబుద్ధి కాలేదేమో."

బయట వాన గట్టిపడింది. తమ్ముడు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. కొట్లో ఎవరి కళ్లజోడునూ అలా తుడవడు. గీతలు పడతాయని పనివాళ్లను తిడతాడు. మరదలు మాట్లాడకుండా కత్తి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వదినగారి సంచీలో పెట్టింది.

మర్నాడు సాయంత్రానికి వీధి తలుపు, గదుల తలుపులు కుడిచేతివి అయిపోయాయి. అక్క రెండుసార్లు బందుల వైపు చెయ్యి చాపి, రెండుసార్లూ తనలో తనే నవ్వుకుంది. తమ్ముడు ఇంకా ఘోరం. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న అతనిది కుడిచేతి వాటమే అయినా, ప్రతి గుమ్మం దగ్గరా ఎడమచెయ్యే ముందు లేచింది.

"చూశావా, ఇది నన్ను కూడా పెంచింది," అన్నాడు.

వడ్రంగి వంటింటి ముందు సామాను దించాడు. "దీన్నీ దించెయ్యమంటారా అమ్మగారూ?"

"దించు," అంది అక్క. ఇప్పుడు ఆ తలుపు తన సొంతం కాదు. కాదన్నాక పట్టుకుని వేలాడటం ఆమె స్వభావం కాదు.

"వద్దు," అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్, అన్నీ తిప్పించాలన్నది నువ్వే."

"అది నీ తలుపు అనుకున్నప్పుడు. ఇది అమ్మది. దీని జోలికి వెళ్లొద్దు." వడ్రంగి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తమ్ముడు అతని భుజం తట్టాడు. "నీకు పని తప్పింది, సంతోషించు. పోయి టీ తాగు."

ఆదివారం ఎండ కాసింది. కొత్త రంగు వాసన పోవడానికి కిటికీలన్నీ తెరిచిపెట్టారు. ఏజెంటు ముందుగా వచ్చి తలుపులన్నీ తెరిచి మూసి, తృప్తిగా తలాడించి, వంటింటి దగ్గర ఆగిపోయాడు. జేబులోంచి చిన్న నూనెసీసా తీశాడు. అది ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాడట. తమ్ముడు ఆ సీసా అతని చేతిలోంచి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"సార్, వాళ్లు వచ్చేస్తున్నారు!"

"రానివ్వండి. ఈ ఒక్కరోజూ పలకనివ్వండి."

వచ్చిన జంట నడివయసువాళ్లు. భర్త కుళాయిలు తిప్పి చూశాడు, గోడలు తట్టి చూశాడు. భార్య నేరుగా వంటింటి వైపు నడిచి, కుడిపక్కన చెయ్యి వేసి, తడబడి, ఎడమపక్కన గడియ దొరికించుకుని నెట్టింది. తలుపు పొడుగ్గా కిర్రుమంది. ఏజెంటు కళ్లు మూసుకున్నాడు.

"అబ్బో, ఎవరో రమ్మంటున్నట్టే ఉంది," అని ఆవిడ నవ్వుతూ లోపలికి వెళ్లింది. తలుపురెక్క ఆవిడను కప్పేసింది. ఒక నిమిషం ఎవరికీ కనిపించలేదు. అరుగు మీద చేత్తో తట్టిన చప్పుడు మాత్రం వినిపించింది. అక్కా తమ్ముడూ హాల్లో పక్కపక్కన నిలబడి, చిన్నప్పటిలాగే, ఆ గది లోపలి చప్పుడు విన్నారు.

నెల తిరక్కుండా ఇల్లు వాళ్లదయింది. పదకొండేళ్ల తర్వాత ఆవిడ కొత్త కళ్లజోడు కోసం తమ్ముడి కొట్టుకు వచ్చినప్పుడు అతను వంటింటి తలుపు సంగతి అడిగాడు. ఇంట్లో చేరిన మొదటి వారంలోనే దానికి నూనె వేశామనీ, తిప్పించాలని ఎప్పుడూ తోచలేదనీ, అది ఇప్పటికీ ఎడమచేతికే, చప్పుడు లేకుండా తెరుచుకుంటోందనీ ఆవిడ చెప్పింది.